05/04 అంటే ఏప్రిలా, మే నెలా? తేదీలు మార్చడానికి ఏ ఆటోమేషన్ టూల్ నయం

2025 వేసవికి ముందు ఒక కోచింగ్ సెంటర్ వాళ్లకి ఫీజు గుర్తుచేసే ఆటోమేషన్, అంటే మనిషి ముట్టుకోకుండా దానంతట అదే నడిచే ఏర్పాటు, కట్టిపెట్టాను. షీట్‌లో విద్యార్థి పేరు, వాయిదా గడువు ఉంటాయి. గడువుకి మూడు రోజుల ముందు తల్లిదండ్రుల ఫోన్‌కి మెసేజ్ వెళ్లాలి. అంతకు మించి ఏమీ లేదు. 15, 20, 25 తేదీల గడువు ఉన్నవాళ్లందరికీ మెసేజ్ ఠంచనుగా వెళ్లింది. ఏప్రిల్ 5 గడువు ఉన్నవాళ్లకి మాత్రం మే 1న వెళ్లింది, "మీ ఫీజు గడువు మే 4" అని. అప్పటికే వాళ్లు కట్టేసి నెల కావస్తోంది. ఆ పొద్దున ఆఫీసు ఫోన్ మోగుతూనే ఉందట.

ఏ టూల్‌లో కట్టానన్నది ఇక్కడ అనవసరం, తప్పు నాదే. 05/04/2025 అని వస్తే దాన్ని అమెరికా వరసలో, అంటే నెల ముందు తేదీ తర్వాత అనుకుని, మే 4గా చదివింది. 15/04/2025 వచ్చేసరికి 15వ నెల లేదు కాబట్టి దానంతట అదే దారికొచ్చి ఏప్రిల్ 15 అనుకుంది. నేను పరీక్షించి చూసింది 20వ తేదీతో. నా ఖర్మ.

ఒకసారి లెక్క వేసి చూడండి. ప్రతి నెలలోనూ 1 నుంచి 12 దాకా ఉన్న తేదీలు ఇలా రెండు రకాలుగా చదవొచ్చు. మొత్తం 144. అందులో 05/05, 06/06 లాంటివి ఎటు చదివినా ఒకటే కాబట్టి 12 తీసేయండి. మిగిలినవి 132. అంటే ఏడాదిలో 132 రోజులు ఎర్రర్ అన్నదే రాకుండా తప్పు తేదీ వెళ్లగలదు.

ఈ దెబ్బ తిన్నాక టూల్ ఎంచుకునే పద్ధతే మార్చుకున్నాను. అంతకుముందు "తేదీని ఎన్ని రకాలుగా రాయగలదు" అని చూసేవాణ్ని. అది ఏ టూల్ అయినా రాస్తుంది. చూడాల్సింది ఎలా చదువుతుందని. వచ్చిన తేదీ ఏ వరసలో ఉందో నేను చెప్పడానికి చోటు ఉందా, లేక అదే ఊహించుకుంటుందా? టైమ్‌జోన్ ఎక్కడ చెప్పాలి, చెప్పకపోతే దేన్ని పట్టుకుంటుంది? అర్థంకాని తేదీ వస్తే ఆగిపోయి అరుస్తుందా, గుట్టుగా ముందుకెళ్లిపోతుందా? జాపియర్, మేక్, ఎన్‌ఎయిట్‌ఎన్, పవర్ ఆటోమేట్, గూగుల్ యాప్స్ స్క్రిప్ట్ ఈ ఐదింటినీ ఈ ప్రశ్నలతోనే తూచి చెబుతున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఫంక్షన్ పేర్లు, ఫార్మాట్ అక్షరాలు ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. టూల్‌లో కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి. క్యాపిటలా స్మాలా అన్నది ముఖ్యమైన చోట విడిగా చెబుతాను, ఎందుకంటే సగం గొడవ అక్కడే ఉంది.

ఒకే రోజుకి ఎన్ని వేషాలు

2025 ఏప్రిల్ 5నే తీసుకుందాం. మనుషులు నింపిన షీట్‌లో అది 05/04/2025. ట్యాలీ తెర మీద 5-ఏప్రిల్-25 తరహాలో, నెల పేరు అక్షరాల్లో ఉంటుంది. ట్యాలీ నుంచి ఎక్స్‌ఎంఎల్ తీస్తే 20250405. ఎక్సెల్ నుంచి ముడి సంఖ్యగా వస్తే 45752. పేమెంట్ గేట్‌వే డబ్బు పడగానే దానంతట అదే పంపే సమాచారంలో (వెబ్‌హుక్ అంటారు) అయితే 1743791400 లాంటి పది అంకెల సంఖ్య.

వీటిలో నెల పేరు అక్షరాల్లో ఉన్నదాన్ని తప్పుగా చదవడం కష్టం. అందుకే నా చేతిలో ఉన్న చోట నేను దాన్నే అడుగుతాను. ఎనిమిది అంకెలది కూడా ఫర్వాలేదు, ముందు ఏడాది ఉంది కాబట్టి వరస తారుమారు కాదు. ఏడాది, నెల, తేదీ అనే వరసను 1988 నుంచీ ఐఎస్ఓ 8601 ప్రమాణం చెబుతూనే ఉంది. దాని సుఖం ఏమిటంటే, అక్షరాల ప్రకారం వరస పెట్టినా తేదీల ప్రకారం వరసలోనే ఉంటుంది.

ఎక్సెల్ సంఖ్య చూసి కంగారుపడేవాళ్లు ఎక్కువ. అది 1900 జనవరి 1ని 1గా పెట్టుకుని రోజులు లెక్కపెట్టిన సంఖ్య. 1900లో లేని ఫిబ్రవరి 29ని కూడా ఎక్సెల్ లెక్కలో వేసుకుంటుంది. పాత లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్‌తో పొంతన కుదరాలని అప్పట్లో ఆ తప్పును తెలిసే ఉంచేశారు. మనకు కావాల్సింది ఒక్క అంకె: 25569. అది 1970 జనవరి 1. వచ్చిన సంఖ్యలోంచి 25569 తీసేసి 86400తో హెచ్చిస్తే సెకన్ల లెక్క, అంటే 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు, వస్తుంది. 45752 లోంచి తీసేస్తే 20183 రోజులు, అంటే 1743811200 సెకన్లు. ఇక దాన్ని ఏ టూల్‌కి ఇచ్చినా తేదీగా మారుస్తుంది.

సెకన్ల లెక్కలో ఇంకో చిక్కుంది. పది అంకెలుంటే సెకన్లు, పదమూడు ఉంటే మిల్లీసెకన్లు. రేజర్‌పే, స్ట్రైప్ లాంటివి సెకన్లు పంపుతాయి. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష మిల్లీసెకన్లు కోరుతుంది. సెకన్లను మిల్లీసెకన్లుగా ఇస్తే బిల్లు మీద 1970 జనవరి 21 అని పడుతుంది. తిరగేసి ఇస్తే 57 వేల ఏళ్లు దాటిపోతుంది. ఈ తప్పు మంచిది, ఎవరికైనా వెంటనే కనిపిస్తుంది. భయపడాల్సింది కనిపించని తప్పులకి.

ఐదున్నర గంటల తంటా

మన టైము యూటీసీ (ప్రపంచమంతా లెక్కకి పెట్టుకునే ప్రామాణిక సమయం) కంటే ఐదున్నర గంటలు ముందు. కాకినాడ దాపు నుంచి పోయే 82.5 డిగ్రీల రేఖాంశం మీద పెట్టుకున్న లెక్క అది. మనకి అర్ధరాత్రి 12 అయినప్పుడు యూటీసీలో ముందురోజు సాయంత్రం 18:30. అంటే మన ఏప్రిల్ 5 మొదలైన క్షణం యూటీసీలో ఏప్రిల్ 4. ఇందాకటి రెండు సంఖ్యలు 1743791400, 1743811200 మధ్య తేడా 19800 సెకన్లు, సరిగ్గా ఐదున్నర గంటలు. మొదటిది మన అర్ధరాత్రి, రెండోది యూటీసీ అర్ధరాత్రి.

టూల్ అవుట్‌పుట్‌లో ఎక్కడైనా 18:30 కనిపించి చివర జెడ్ (అది యూటీసీకి గుర్తు) ఉంటే ఇక వేరే వెతకక్కర్లేదు. ఎవరో తేదీ మాత్రమే రాశారు, టూల్ దాన్ని మన అర్ధరాత్రిగా తీసుకుని యూటీసీలోకి మార్చింది. దాంట్లోంచి మొదటి పది అక్షరాలు కత్తిరించి "ఇదే తేదీ" అనుకుంటే ఒక రోజు వెనక్కి పోతారు. ఇలా కత్తిరించడం అందరూ చేసే పనే, నేనూ చేశాను.

మామూలు రోజుల్లో ఒక రోజు అటూ ఇటూ అయితే సర్దుకోవచ్చు. ఏప్రిల్ 1న కుదరదు. ఆ రోజు అర్ధరాత్రి దాటాక తెల్లవారి ఐదున్నర లోపు వచ్చిన ఆన్‌లైన్ ఆర్డరు యూటీసీలో మార్చి 31. ఇన్‌వాయిస్ తేదీ యూటీసీ నుంచి తీసుకుంటే ఆ బిల్లు పోయిన ఆర్థిక సంవత్సరంలో పడుతుంది. ఆడిటర్‌కి "సర్వర్ టైము అండీ" అని చెప్పి చూడండి.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లకి, అక్కడి పిల్లలకి ఆన్‌లైన్‌లో తెలుగో సంగీతమో నేర్పే టీచర్లకి ఇంకో సంగతి. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకి జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి. చలికాలం డల్లాస్‌కీ మనకీ తేడా పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర. కాబట్టి "పదకొండున్నర గంటలు తీసెయ్" అని లెక్క కట్టిన ఆటోమేషన్ మార్చిలో క్లాసు లింకు గంట తేడాగా పంపుతుంది. తేడాని అంకెగా రాయొద్దు, ఊరి పేరుతో ఉన్న టైమ్‌జోన్ ఎంచుకోండి. మనకి ఏషియా/కోల్‌కతా, డల్లాస్‌కి అమెరికా/షికాగో. గడియారాలు ఎప్పుడు మారాలో ఆ పేరుకే తెలుసు.

నాలుగు యాసలు

ఫార్మాట్ రాసే అక్షరాలు అన్ని టూల్స్‌లో ఒకేలా ఉన్నట్టు కనిపిస్తాయి. కనిపించడమే. గోదావరి మాట నెల్లూరులో ఇంకో అర్థంలో వినిపించినట్టు, ఒక టూల్‌లో సరిగ్గా పనిచేసిన వరస ఇంకో దాంట్లో వికటిస్తుంది.

జాపియర్, మేక్ రెండూ మొమెంట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ (ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) తరహా అక్షరాలు వాడతాయి: తేదీకి క్యాపిటల్ డీలు రెండు, నెలకి క్యాపిటల్ ఎంలు రెండు, ఏడాదికి క్యాపిటల్ వైలు నాలుగు. ఎన్‌ఎయిట్‌ఎన్‌ది లక్సాన్ లైబ్రరీ. దాంట్లో తేదీకి, ఏడాదికి స్మాల్ అక్షరాలు, నెలకి మాత్రం క్యాపిటల్. పవర్ ఆటోమేట్‌ది డాట్‌నెట్ పద్ధతి, అదీ లక్సాన్ లాగే. యాప్స్ స్క్రిప్ట్‌ది జావా పద్ధతి, పైకి అదీ అంతే.

మొమెంట్ అలవాటుతో లక్సాన్‌లో అన్నీ క్యాపిటల్‌లో కొడితే ఏప్రిల్ 5కి ఇలా వస్తుంది: "ఏప్రిల్ 5, 2025/04/వైవైవైవై". అంటే రెండు డీలకి మొత్తం తేదీ వేసేసి, వైలని అర్థం కాక అలాగే వదిలేసింది. డాట్‌నెట్‌లో అయితే డీలూ వైలూ రెండూ అక్షరాలుగానే మిగిలి, మధ్యలో 04 ఒక్కటే పడుతుంది. తిరగేసి, లక్సాన్ అలవాటుతో మొమెంట్‌లో స్మాల్ డీలు కొడితే తేదీ చోట శనివారానికి గుర్తుగా రెండక్షరాలు పడతాయి. ఇవన్నీ చూడగానే నవ్వొచ్చే తప్పులు కాబట్టి పట్టుబడతాయి.

పట్టుబడనివి రెండున్నాయి. మొదటిది స్మాల్ ఎం. ఈ నాలుగు యాసల్లోనూ స్మాల్ ఎం అంటే నిమిషాలు. ఎక్సెల్‌లో, షీట్స్ ఫార్ములాల్లో ఏది కొట్టినా సందర్భాన్ని బట్టి అదే నెల అని అర్థం చేసుకుంటుంది కాబట్టి మనకి ఆ పట్టింపు అలవాటు కాలేదు. యూటీసీ అర్ధరాత్రిగా ఉన్న ఏప్రిల్ 5ని మన టైములోకి మార్చి, నెల చోట స్మాల్ ఎం పెడితే వచ్చేది 05/30/2025. తెల్లవారి ఐదున్నర కదా, ఆ ముప్పై నిమిషాలు నెల చోట కూర్చున్నాయి. అమెరికా వాళ్లు చూస్తే మే 30 అనుకుని నమ్మేస్తారు.

రెండోది జావాలో క్యాపిటల్ వై. అక్కడ దానికి అర్థం వారాల లెక్కన వచ్చే ఏడాది. ఏడాదిలో ఏ రోజు చూసినా సరిగ్గానే ఉంటుంది, డిసెంబరు చివరి రోజుల్లో తప్ప. 2024 డిసెంబరు 31ని అలా రాస్తే 2025 డిసెంబరు 31 అని పడుతుంది, ఎందుకంటే ఆ వారం 2025 మొదటి వారం కింద లెక్క. మేక్ అలవాటుతో వైలని మాత్రం క్యాపిటల్‌లోనే ఉంచి యాప్స్ స్క్రిప్ట్‌లో రాసిన వాళ్లు ఏడాదంతా సుఖంగా నిద్రపోయి, సరిగ్గా ఆ వారంలో లేస్తారు.

ఇక టూల్స్

జాపియర్‌తో మొదలుపెడతాను, దాని గురించి చెప్పాల్సింది తక్కువ. ఫార్మాటర్ అనే స్టెప్ ఉంటుంది, అందులో డేట్/టైమ్. ఏ ఫార్మాట్‌లోకి కావాలో, ఏ టైమ్‌జోన్‌లోంచి ఏ టైమ్‌జోన్‌లోకో డ్రాప్‌డౌన్‌లో ఎంచుకోవడమే. కోడ్ ముక్క రాయక్కర్లేదు. "టుమారో" అని ఇంగ్లిష్‌లో రాసినా తేదీగా అర్థం చేసుకుంటుంది. ఆ తెలివే దాని బలహీనత కూడా. ఫ్రమ్ ఫార్మాట్ అనే పెట్టెని చాలామంది ఖాళీగా వదిలేస్తారు, ఖాళీగా ఉంటే అది ఊహిస్తుంది. ఆ పెట్టెని నింపితే బాధ లేదు. ఉచిత ప్లాన్‌లో మొదలుపెట్టే ట్రిగ్గర్ ఒకటి, చేసే పని ఒకటి, రెండే స్టెప్పులు. మధ్యలో ఫార్మాటర్ పెట్టాలంటే మూడోది అవుతుంది కాబట్టి తేదీ మార్చడం దగ్గరే డబ్బులు కట్టాల్సి వస్తుంది. నెలకి నాలుగైదు ఆటోమేషన్లు, వాటిని చూసుకోవడానికి కోడ్ రానివాళ్లు, ఖర్చుకి వెనకాడని ఆఫీసు అయితే ఇదే తీసుకోండి.

మేక్ నాకు ఇంకొంచెం నచ్చుతుంది. ఒకప్పటి ఇంటెగ్రోమాట్ ఇదే, 2022లో పేరు మారింది. ఇందులో చదవడం, రాయడం రెండూ విడివిడి ఫంక్షన్లు. పార్స్‌డేట్ చదువుతుంది, ఫార్మాట్‌డేట్ రాస్తుంది. రెండిట్లోనూ మూడో చోట టైమ్‌జోన్ ఇవ్వొచ్చు. ఇలా విడదీయడం వల్ల కొత్తవాళ్లకి కూడా "ముందు ఏ వరసలో ఉందో చెప్పాలి కదా" అన్న ఆలోచన వస్తుంది. ఈ ఫంక్షన్లు గడిలోనే ఇమిడిపోతాయి, వేరే మాడ్యూల్ అక్కర్లేదు, కాబట్టి దీనికంటూ విడిగా వాడకం లెక్కలో పడదు. ఫంక్షన్‌లో విలువల మధ్య కామా కాదు సెమీకోలన్ అన్నది మొదటివారంలో అందరూ మర్చిపోయేదే. ఇక టైమ్‌జోన్ సెట్టింగు రెండు చోట్ల ఉంటుంది, ఒకటి మీ ప్రొఫైల్‌లో, ఒకటి ఆర్గనైజేషన్‌లో. తెర మీద మీకు కనిపించేది ప్రొఫైల్‌ది, సినారియో (ఆటోమేషన్‌కి మేక్ పెట్టిన పేరు) నడిచేటప్పుడు పట్టుకునేది ఆర్గనైజేషన్‌ది. రెండూ ఒకటి కాకపోతే తెర మీద ఒకటి చూసి, మెసేజ్‌లో ఇంకోటి చూసి జుట్టు పీక్కుంటారు. ఖాతా తెరిచిన రోజే రెండిట్లోనూ కోల్‌కతా పెట్టేయండి.

ఎన్‌ఎయిట్‌ఎన్ సొంత సర్వర్‌లో పెట్టుకుని నడుపుకోవచ్చు, కాబట్టి కుర్రాళ్లు దాని వెంటే ఉన్నారు. మొదటి తడబాటు కూడా అక్కడే. సొంతంగా పెట్టుకున్నప్పుడు దాని టైమ్‌జోన్ అమెరికా/న్యూయార్క్ అని ఉంటుంది. మనం పొద్దున తొమ్మిదికి అని పెడితే అది న్యూయార్క్ తొమ్మిదికి, మనకి సాయంత్రం ఆరున్నరకో ఏడున్నరకో నడుస్తుంది. సర్వర్‌లో జెనరిక్ టైమ్‌జోన్ అనే వేరియబుల్ మార్చండి. లేదంటే ప్రతి వర్క్‌ఫ్లో సెట్టింగుల్లోనూ విడిగా పెట్టొచ్చు.

అది దాటాక మాత్రం ఈ ఐదింట్లో తేదీల మీద ఎక్కువ పట్టు ఇచ్చేది ఇదే అంటాను. డేట్ అండ్ టైమ్ నోడ్ (ఇక్కడ స్టెప్‌ని నోడ్ అంటారు) ఒకటి ఉంది, తేలిక పనులకి చాలు. అసలు బలం ఎక్స్‌ప్రెషన్లలో లక్సాన్ నేరుగా వాడుకోవడం. ఫ్రమ్‌ఫార్మాట్‌కి వచ్చిన తేదీ, దాని వరస, టైమ్‌జోన్ మూడూ ఇస్తే ఊహలకి తావే లేదు. 05/04 అన్నది తేదీ ముందు అని చెప్పాక అది ఏప్రిల్ 5 అవుతుంది, లేదా అసలు చెల్లనిది అవుతుంది. ఆ చెల్లనిది మాత్రం గట్టిగా అరవదు. "ఇన్‌వాలిడ్ డేట్‌టైమ్" అనే మాటగా మారి నిశ్శబ్దంగా తర్వాతి స్టెప్‌కి వెళ్లిపోతుంది. మీరు అడ్డుపెట్టకపోతే కస్టమర్ మెసేజ్‌లో "మీ గడువు ఇన్‌వాలిడ్ డేట్‌టైమ్" అని కనిపిస్తుంది. తేదీ చెల్లుతుందా అని (ఈజ్‌వాలిడ్) చూసే ఒక ఇఫ్ నోడ్ పెట్టి, పనికిరాని వరసల్ని పక్కన ఇంకో షీట్‌లోకి తోసేయండి. ఇంకో ముచ్చట, సెట్‌లొకేల్‌లో తెలుగుకి టీఈ అని ఇస్తే "5 ఏప్రిల్ 2025" అని తెలుగు అక్షరాల్లోనే వస్తుంది. ఊళ్లో పెద్దవాళ్లకి వెళ్లే మెసేజ్‌లో అంకెల మధ్య గీతల కంటే ఇదే బాగుంటుంది, పైగా ఏప్రిలా మే నెలా అన్న సందేహమూ ఉండదు. పవర్ ఆటోమేట్‌లో ఫార్మాట్‌డేట్‌టైమ్‌కి చివర భాష చెప్పినా ఈ పని అవుతుంది.

కోడ్ నోడ్‌లో మామూలు జావాస్క్రిప్ట్ డేట్ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. 2025-04-05 అని తేదీ ఒక్కటే ఇస్తే దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. గీతలు మార్చి నెల ముందు పెట్టి 04/05/2025 అని ఇస్తే సర్వర్ ఉన్న చోటి అర్ధరాత్రిగా తీసుకుంటుంది. ఒకే రోజు, రాసిన తీరుని బట్టి వేర్వేరు క్షణాలు. అందుకే నేను కోడ్‌లో కూడా లక్సాన్‌నే పట్టుకుంటాను.

పవర్ ఆటోమేట్ గురించి చెప్పేటప్పుడు నాకు కొంచెం చిరాకు వస్తుంది, అయినా న్యాయంగా చెప్పాలి. ఆఫీసులో మైక్రోసాఫ్ట్ 365 ఉంటే మామూలు కనెక్టర్లతో ఇది ఉన్నట్టే, వేరే కొనక్కర్లేదు. అంతా యూటీసీలో నడుస్తుంది, ఆ విషయంలో దానికి మొహమాటం లేదు. మన టైము కావాలంటే కన్వర్ట్ టైమ్ జోన్ స్టెప్ పెట్టాలి. టైమ్‌జోన్ పేర్లు ఇక్కడ విండోస్ పేర్లు. కన్వర్ట్‌టైమ్‌జోన్ ఫంక్షన్ రాసేటప్పుడు ఇండియా స్టాండర్డ్ టైమ్ అని పూర్తి పేరు ఇవ్వాలి. డ్రాప్‌డౌన్‌లో చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉంటుంది, హైదరాబాద్ కోసం వెతక్కండి. పక్కనే శ్రీజయవర్ధనెపుర అని ఇంకోటి కనిపిస్తుంది, అదీ ఐదున్నరే కానీ శ్రీలంకది.

దీనికి ఫార్మాట్‌డేట్‌టైమ్ ఒక్కటే తెలిసినవాళ్లు 25/04/2025 ఇచ్చి ఎర్రర్ తిని, "ఇది మన తేదీలు చదవదు" అని వదిలేస్తారు. చదువుతుంది. పార్స్‌డేట్‌టైమ్ వాడి, భాష చోట ఇండియా ఇంగ్లిష్, ఆ పక్కన వచ్చిన తేదీ వరస ఇస్తే చాలు. ఆ ఎర్రర్‌ని నేను వరంగానే చూస్తాను, ఆగిపోయింది కాబట్టి మనకి తెలిసింది. ఎక్సెల్ టేబుల్లోంచి వరసలు తెచ్చే స్టెప్‌లో అడ్వాన్స్‌డ్ కింద డేట్‌టైమ్ ఫార్మాట్ అని ఉంటుంది, అక్కడ ఐఎస్ఓ 8601 ఎంచుకుంటే 45752 లాంటి అంకెల బాధ మొదట్లోనే పోతుంది. ఇది తెలియక లెక్కలు కట్టి కుస్తీపట్టిన మిత్రులు నాకు కనీసం ముగ్గురున్నారు.

చివరిది గూగుల్ యాప్స్ స్క్రిప్ట్, అంటే గూగుల్ షీట్‌కే తగిలించి కోడ్ రాసుకునే చోటు. టూల్ అమ్మేవాళ్లు ఎవరూ దీని పేరెత్తరు, ఉచితం కదా. మీ తేదీలన్నీ గూగుల్ షీట్‌లోనే పుట్టి, మెయిల్‌గానో క్యాలెండర్‌లోకో వెళ్తుంటే వేరే ఏదీ కొనొద్దు. గడిలో ఉన్నది నిజమైన తేదీ అయితే గెట్‌వాల్యూస్ అనే ఫంక్షన్‌కి తేదీగానే దొరుకుతుంది, చదివే బాధ సగం తీరినట్టే. గెట్‌డిస్‌ప్లేవాల్యూస్ అయితే తెర మీద కనిపించే అక్షరాలే వస్తాయి. రెండిటినీ కలపొద్దు. షీట్‌కి ఒక టైమ్‌జోన్, స్క్రిప్ట్‌కి వేరే టైమ్‌జోన్ ఉంటాయన్నది ఇక్కడి ఉచ్చు. అవి వేరైతే తేదీ ఒక రోజు జరుగుతుంది. ఒక్కో పరుగుకి 6 నిమిషాల హద్దు ఉంది, కొన్ని వందల వరసలకి అది చాలా ఎక్కువే.

షీట్ నుంచి ఎవరు చదివినా, జాపియర్ అయినా ఎన్‌ఎయిట్‌ఎన్ అయినా, ముందు ఆ షీట్ సంగతి చూడండి. ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌కి వెళ్తే లొకేల్, అంటే ఏ దేశపు పద్ధతి పాటించాలన్నది, ఉంటుంది. అది యునైటెడ్ స్టేట్స్ అని ఉంటే, మీ క్లర్కు 05/04/2025 కొట్టగానే గడిలో మే 4 కూర్చుంటుంది. 25/04/2025 కొడితే తేదీ కాదని మామూలు అక్షరాలుగా ఉంచేస్తుంది. ఒకే కాలమ్‌లో రెండు జాతులు. కంటితోనే పట్టుకోవచ్చు: తేదీలు గడిలో కుడివైపుకి ఒదుగుతాయి, అక్షరాలు ఎడమవైపుకి. కాలమ్‌లో కొన్ని అటు, కొన్ని ఇటు ఉంటే ఏ టూల్ కొన్నా లాభం లేదు. లొకేల్ ఇప్పుడు ఇండియాకి మార్చినా పాత గడుల్లో పడిపోయిన మే 4 మే 4గానే ఉంటుంది, వాటిని చేత్తోనే సరిచూడాలి. నా కోచింగ్ సెంటర్ షీట్‌లో అదే పని ఒక ఆదివారం అంతా చేశాను.

మరి ఏది తీసుకోవాలి

దుకాణమో, ట్యూషన్ సెంటరో నడుపుకుంటూ షీట్, మెయిల్ తప్ప ఇంకేమీ లేనివాళ్లు: యాప్స్ స్క్రిప్ట్. తెలిసిన కుర్రాడితో ఒకసారి రాయించుకోండి. అకౌంటెంటో, ఆఫీసు మేనేజరో తానే కట్టుకుని తానే మార్చుకోవాలంటే మేక్. చదవడాన్నీ రాయడాన్నీ విడదీసింది కాబట్టి తప్పు ఎక్కడుందో వాళ్లకే దొరుకుతుంది. కంపెనీ అంతా ఎక్సెల్, టీమ్స్‌లో ఉంటే పవర్ ఆటోమేట్‌తో పోట్లాడైనా అక్కడే ఉండండి, తేదీ ఒక్కదాని కోసం ఇంకో టూల్ తెచ్చుకుంటే తలనొప్పులు రెండవుతాయి. రోజుకి వేలకొద్దీ వెబ్‌హుక్‌లు, రెండు మూడు దేశాల టైమ్‌జోన్లు, సర్వర్ చూసుకోగల మనిషి ఉంటే ఎన్‌ఎయిట్‌ఎన్. జాపియర్ ఎవరికో పైనే చెప్పాను.

ఏది తీసుకున్నా ఒక అలవాటు మాత్రం అన్నిట్లోనూ పనికొస్తుంది. తేదీ లోపలికి రాగానే, మొదటి స్టెప్‌లోనే, ఐఎస్ఓ రూపంలోకి మార్చి టైమ్‌జోన్ తగిలించండి. మధ్యలో లెక్కలన్నీ దాంతోనే. మనిషి చూసే చివరి మెసేజ్ దగ్గర మాత్రమే 5 ఏప్రిల్ అని అందంగా రాయండి. మధ్యలో అందంగా రాసి, మళ్లీ దాన్నే చదివించబోతే నా మే 4 కథే.

కట్టడం అయ్యాక నేను ఇప్పుడు ఒక అరడజను తేదీలతో పరీక్ష పెడతాను. 05/04/2025, వరస తెలియడానికి. 25/12/2025, ఆగుతుందో లేదో చూడటానికి. 01/04/2025 రాత్రి 12:30, ఆర్థిక సంవత్సరం మారిందా అని. 31/12/2024, జావా వై కోసం. 10/03/2025, అమెరికాలో గడియారాలు జరిపిన మర్నాడు కాబట్టి. ఆరోది ఖాళీ గడి. ఖాళీ గడిని కొన్ని స్టెప్పులు "ఇప్పుడు" అని అనుకుని ఇవాళ్టి తేదీ వేసేస్తాయి. గడువే లేనివాళ్లకి ఇవాళే గడువు అని మెసేజ్ వెళ్తుంది. ఆ ఫోన్లు కూడా ఆఫీసుకే వస్తాయి.